ఊపిరి సందులు

ఆ పొద్దున ఆకాశం తోమని ఇత్తడి చెంబులా ఉంది. ఎండ ఉందంటే ఉంది, లేదంటే లేదు. బాగా ఎత్తున సన్నటి మబ్బు తీగలు విసనకర్ర పుల్లల్లా ఆగ్నేయం నుంచి విచ్చుకుని వస్తున్నాయి. ఆ పుల్లలన్నీ కలిసే చోట, సముద్రం మీద, ఏదో కూర్చుని ఉంది. రేవు గట్టు మీద నిలబడి లోవరాజు మేస్త్రి దానికేసే చూస్తున్నాడు. కొంగలు సముద్రం వైపు నుంచి ఊరి వైపుకి, రెక్క ఆడించకుండా, ఎవరో తోసేసినట్టు వస్తున్నాయి.

"మజ్జాన్నానికి తగులుద్ది," అన్నాడు.

రేడియో సాయంత్రం అంటోంది. పక్కనున్న పనివాడు పోతురాజు, మేస్త్రి మొహం చూసి రేడియో కట్టేశాడు.

గట్టు వెనక తొమ్మిదంతస్తుల మేడ. అందులో ఇటుక లేదు, సిమెంటు లేదు, ఇనప ఊచ లేదు. అంతా సరుగుడు కర్ర. గౌతమి సముద్రంలో కలిసే ఆ మూలరేవులో మగవాళ్ళకి పడవలు కట్టడం తప్ప ఇంకో పని రాదు. వాళ్ళ చేతుల మీదే లేచింది ఆ మేడ. కాగితాల్లో దాని పేరు తుపాను రక్షణ భవనం. ఊళ్ళోవాళ్ళు ఓడమేడ అంటారు. కట్టాక వచ్చిన మొదటి తుపాను ఇదే.

లంక గ్రామాల వాళ్ళని పడవలో చేరవేస్తున్నాడు లోవరాజు కొడుకు సత్తిబాబు. ఒక్కో విడతకీ జనం, మేకలు, కోళ్ళ గంపలు, దుప్పట్లో చుట్టిన టీవీలు దిగుతున్నాయి. తీర్థానికి వచ్చినట్టుంది హడావిడి.

"ఏం మేస్త్రీ," అన్నాడు మేకని చంకలో పెట్టుకున్న ఒకాయన, "కర్ర మేడెక్కమంటన్నావు. గాలొత్తే అగ్గిపెట్టె ఎగిరినట్టు ఎగిరిపోదు గదా?"

"ఎగిరితే నువ్వెగురుతావు. మేడ ఇక్కడే ఉంటది."

జనం నవ్వారు. లోవరాజు నవ్వలేదు గానీ మీసం కొస కదిలింది. ఆయనకి అంతకంటే ఎక్కువ నవ్వడం చేతకాదు.

మూడో అంతస్తు కిటికీలోంచి ఆయన భార్య కాసులమ్మ కేక పెట్టింది. "ఆరొందల మందికి వండాల. నువ్వలా నిలబడి సూత్తా ఉంటే ఆకాశం దిగొచ్చి ఎసరు పెడతదేటి? బియ్యం బత్తాలు పైకి పంపు!"

కోడలు చంపక మాత్రం జనాన్ని చూడటం లేదు. మెట్ల పక్క స్తంభానికి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడింది. ఆ మేడకి ప్రాణం పోసింది ఆమే.

చంపకది కడియం. వాళ్ళది మొక్కల తోటల కుటుంబం. అంటు కట్టడం ఆ ఇంటి పిల్లలకి నడకతో పాటే వస్తుంది. ఆమె బాగా చదువుకుని, కడియంలోనే ఒక పరిశోధనశాలలో చేరి, ఆ అంటు పనినే ఎవరూ తీసుకెళ్ళని చోటికి తీసుకెళ్ళింది. పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం తడిగుడ్డ చుట్టిన కర్ర తెచ్చి మామగారి చేతిలో పెట్టింది.

"విరగ్గొట్టండి మావయ్యగారూ."

గుడ్డ విప్పితే రెండు సరుగుడు ముక్కలు. రెండూ ఎప్పుడో కోసి ఎండబెట్టినవే. కొసకి కొస ఆనించి ఉన్నాయి. మధ్యలో వెంట్రుకంత ఆకుపచ్చ గీత. మేకు లేదు, బందు లేదు. లోవరాజు దాన్ని దుంగ మీద పెట్టి సుత్తితో కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మూడో దెబ్బకి విరిగింది. విరిగింది గీత దగ్గర కాదు, దానికి జానెడు అవతల.

ఆయన సుత్తి కింద పెట్టి చాలాసేపు ఆ గీతని వేలితో తడిమాడు.

"జిగురా అమ్మాయ్?"

"కాదండి. అంటు."

"సచ్చిన కర్రకి అంటేటి?"

"చచ్చిపోలేదండి, పడుకుంది. దాన్ని లేపే జీవం ఒకటి దొరికింది నాకు. కంటికి కనపడనంత చిన్నది. తడి తగిలితే లేచి పక్కనున్న కర్రని పట్టుకుంటుంది. ఎండగా ఉంటే మళ్ళీ పడుకుంటుంది. దీంతో గోడ కట్టారనుకోండి, ఎండాకాలం బీట పడితే వానాకాలం అదే పూడ్చుకుంటుంది."

కాసులమ్మ ఇదంతా విని, కూర్చున్న పీట మీంచి గబుక్కున లేచింది. "ఈ పీటకి గానీ రాశావా పిల్లా? నేనీడే అంటుకుపోతే మీ మావయ్యకి కూడెవరు వండుతారు?"

కర్రతోనే ఎందుకని ఆ ఊళ్ళో ఎవరూ అడగలేదు. చుట్టుపక్కల మేడల కోసం ఏటి మొగలో ఇసక తోడితోడి, గౌతమి దారి మళ్ళి ఒక వరదలో మూలరేవు పడమటి వీధిని తినేసింది. లోవరాజు అన్న ఇల్లు ఆ వీధిలోదే. సరుగుడు అలా కాదు. ఎందుకూ పనికిరాని ఇసక నేలలో పెరుగుతుంది. గాల్లో పొగని తిని కర్ర చేసుకుంటుంది. కోసి మేడ కడితే ఆ పొగ మేడలోనే ఉండిపోతుంది. కోసిన చోట ఇంకో మొక్క పెడితే మళ్ళీ తినడం మొదలుపెడుతుంది. చంపక ఇదంతా వివరంగా చెప్పబోతే లోవరాజు మధ్యలోనే అడిగాడు.

"ఇసక తియ్యక్కర్లేదు గదా?"

"గుప్పెడు కూడా అక్కర్లేదండి."

"అయితే కట్టేద్దాం."

అంతే. ప్రభుత్వం ఒప్పుకోవడానికి ఏళ్ళు పట్టింది, ఆయనకి ఒక్క మాట పట్టింది.

కడుతున్నన్నాళ్ళూ ఆయనకి పాతికేళ్ళ వయసు తిరిగొచ్చినట్టయింది. స్తంభం మీద స్తంభం నిలిపి, పచ్చటి ముద్ద రాసి, తడిగోనె చుట్టి వదిలేస్తే, కొన్నాళ్ళకి రెండూ ఒకే మానయ్యేవి. పనివాళ్ళు పొద్దున్నే వచ్చి ముందు గోనెలు విప్పి చూసేవారు, గుడ్లు పొదిగాయా అని గంప ఎత్తి చూసినట్టు. గోడలకీ తలుపులకీ అదే ముద్ద పట్టించిన పెద్దపెద్ద చెక్క పలకలు. గోడ పలకల్ని స్తంభాల మధ్య చీలలకి వేలాడదీశారు.

"పలకకీ పలకకీ మధ్య వేలు పట్టేంత సందు వదలాలి మావయ్యగారూ," అంది చంపక. "అది మేడకి ఊపిరి."

ఆయన సరేనన్నాడు. ఎందుకని ఆయన అడగలేదు, ఎందుకో ఆమె చెప్పలేదు. ఇద్దరూ మాట పొదుపు మనుషులే.

మూలరేవులో పడవ కట్టడం పూర్తయిన రోజు చీకటి పడగానే లోపల దీపం పెట్టి, మేస్త్రి బయట చుట్టూ తిరుగుతాడు. ఎక్కడన్నా వెలుగు బయటికి కనిపించిందా, ఆ మేస్త్రి పరువు పోయినట్టే. మేడ పూర్తయిన రోజు కూడా అలవాటుగా దీపాలు పెట్టారు. తొమ్మిదంతస్తులూ సందుసందునా వెలిగిపోయాయి. గట్టు మీద జనం పగలబడి నవ్వారు. "లోవరాజు జల్లెడ కట్టాడ్రోయ్!"

ఆయన ఇంటికి వెళ్ళి అన్నం తినలేదు.

అప్పుడు చంపక కడియంలో ఉంది. ఆమె తిరిగొచ్చేలోగా లోవరాజు, పోతురాజు, మిగతా పనివాళ్ళు కలిసి ప్రతి సందులోనూ పడవకి కూరినట్టే పురిపెట్టిన దూది కూరారు. దూది మెత్తనిది, కర్ర ఉబ్బితే నలుగుతుంది, సందు సందుగానే ఉంటుంది, వాన మాత్రం లోపలికి రాదు. ఆయన లెక్క అది. పైన గుగ్గిలంలో కర్రపొట్టు కలిపి పూసి చిత్రిక పట్టారు. లోపలి వైపు సందుల మీద ముందునుంచీ వదులుగా కొట్టిన చెక్క పట్టీలున్నాయి, వాటి అంచుల్లోంచి వెలుగు పోయేది గానీ వెనక ఏముందో కనపడదు. కోడలికి చెప్పలేదు. మొదటి వాన పడ్డప్పుడు లోపల చుక్క కారకపోతే ఆమే కనిపెట్టి ఆశ్చర్యపోతుందని ముచ్చటపడ్డాడు.

అది ఎండాకాలం, ఆ తర్వాత ఒక్క వాన పడలేదు. కర్ర నిద్రలో ఉంది.

మేస్త్రి అన్నట్టే మధ్యాహ్నానికి తగిలింది తుపాను. మొదట వాన అడ్డంగా వచ్చింది. తర్వాత గాలి, వానకంటే బరువుగా. రేవులో కొబ్బరి చెట్లు జుట్టు విరబోసుకుని ఒకే వైపు వంగిపోయాయి. సముద్రం గట్టు దాటి, మేడ కింద స్తంభాల మధ్యకి వచ్చి నిలబడింది. పైన ఆరొందల మంది గోడలకేసి చూస్తూ కూర్చున్నారు. చుక్క కారలేదు. గాలి లోపలికి రాలేదు. మేకాయన గోడ మీద అరచెయ్యి వేసి, "రాతి కోటరా బాబూ!" అన్నాడు. లోవరాజు ఒళ్ళు పులకరించింది. నాలుగో అంతస్తులో, కళ్ళు మూసుకుంటే పొలంలో ఉన్నట్టుంది, అంత కదలకుండా ఉంది మేడ.

చంపక మెట్లు దిగి పరుగున వచ్చింది. "మావయ్యగారూ, మేడ మాట్లాడ్డం లేదు."

"ఏటమ్మా?"

"కిర్రు మనాలి కదండీ. ఇంత గాలికి కిర్రు కిర్రుమని మూలగాలి. ఒక్క చప్పుడు లేదు."

"గట్టిగా కట్టాం గదమ్మా," అన్నాడాయన, కొంచెం గర్వంగానే.

అప్పుడే కింద అంతస్తులో తలుపు బాదుతున్న చప్పుడు. పోతురాజునీ తీసుకుని ఇద్దరూ దిగి వెళ్ళారు. బియ్యం గదిలో ఉండిపోయింది కాసులమ్మ.

"ఏవయ్యో! తలుపు తియ్యి!"

"గడియ లోపలే గదే ఉంది. నువ్వే తియ్యి."

"గడియ తీసే ఉంది. తలుపే లేదు!"

నిజంగానే తలుపు లేదు. తలుపుకీ గుమ్మానికీ మధ్య ఉండాల్సిన గీత లేదు. కర్ర చారలు తలుపులోంచి గుమ్మంలోకి, గుమ్మంలోంచి గోడలోకి ఏరు పారినట్టు పారాయి. చంపక దాని మీద చెయ్యి వేసింది. ఒక్క క్షణం ఆమె మొహం వెలిగిపోయింది.

"ఎంత తొందరగా! రెండు గంటల్లో!" అంది తనలో తను. ఆ వెంటనే వంగి, గడప దగ్గర మిగిలిన సన్నటి చీలికలోంచి గోటితో ఏదో లాగింది. తెల్లగా, తడిగా వచ్చింది. "ఇదేంటి?"

"దూది," అన్నాడు లోవరాజు. "బియ్యం తడవకుండా."

"ఇక్కడొక్కచోటేనా?"

పోతురాజే అందుకున్నాడు, మెచ్చుకోలుకి ఎదురు చూస్తున్నట్టు. "తొమ్మిదంతస్తులూనమ్మా! సుక్క నీరు దూరదు. మేస్త్రి దగ్గరుండి కూరించాడు."

చంపక గడప మీద కూర్చుండిపోయింది. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది లోవరాజుకి.

"మా నాన్న అంటు కట్టి దాని చుట్టూ గుడ్డ చుడతాడు మావయ్యగారూ. తడి ఆరకుండా రెండు కొమ్మలూ కలవాలని. మీరు మేడంతటికీ గుడ్డ చుట్టారు. బయట పూత మీద బీటల్లోంచి వాన దిగుతోంది, దూది తాగుతోంది, పలకలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుంటున్నాయి." ఆమె పైకి చూసింది. "ఇంకాసేపట్లో ఇది మేడ కాదు. ఒకే దుంగ."

"దుంగైతే మంచిదే గదమ్మా?" అన్నాడు పోతురాజు.

"ఇప్పుడు గాలి ఒక్క వైపునుంచే తోస్తోంది. తుపాను కన్ను దాటాక అటునుంచి తోస్తుంది. ఊగని కొయ్య అప్పుడేమవుతుందో మీకే బాగా తెలియాలి."

లోవరాజుకి తెలుసు. తెరచాప కొయ్య మొదలంటా విరగడం ఆయన కళ్ళారా చూశాడు. ఆ చప్పుడు విన్నవాడు మళ్ళీ మర్చిపోడు.

"సెప్పొచ్చు గదమ్మా, ఎందుకో," అన్నాడు మెల్లగా.

"చెప్పాల్సింది," అంది.

లోపల్నుంచి కాసులమ్మ. "మీ కబుర్లు తర్వాతాడుకోండి! ఈ గోడ నా మీదకి జరుగుతుందో, నేనే దాని మీదకి జరుగుతున్నానో తెలీట్లేదు!"

లోవరాజు రంపం తెప్పించాడు. తలుపు అంచున వేసి లాగాడు. రంపం జానెడు దిగింది, ఆగింది. వెనక్కి చూస్తే కోసిన గాటు లేదు. పళ్ళు దాటిన చోటల్లా కర్ర పెదాలు మూసుకున్నట్టు మూసుకుంటోంది. పోతురాజు నోట్లోంచి "అమ్మ నాయనో" అని మాత్రం వచ్చింది. సత్తిబాబు కూడా వచ్చి రంపం రెండో కొస పట్టాడు. తండ్రీ కొడుకులు చెమటలు కక్కుతూ లాగారు. ఎంత కోస్తే అంత పూడుతోంది. చివరికి రంపం కర్రలోనే ఇరుక్కుని బిగుసుకుపోయింది. పచ్చటి గీత ఒకటి దాని మీదుగా పాకడం కళ్ళ ముందే కనిపించింది.

"దీన్నాపే మందు లేదా అమ్మాయ్?"

చంపక జవాబివ్వడానికి ఆలస్యం చేసింది. ఆ ఆలస్యంలోనే మందు ఉందని ఆయనకి అర్థమయింది.

"ఉప్పు నీళ్ళు," అంది చివరికి. "ఉప్పుగాలికి తట్టుకునేలా పెంచాను. ఉప్పు నీరు లోపలికి దిగితే మాత్రం పట్టు వదిలేస్తుంది. మళ్ళీ పట్టదు. ఎప్పటికీ పట్టదు."

"స్తంభాలో?"

"వాటి అతుకు ఎప్పుడో కర్ర అయిపోయింది. దానికేం కాదు. ప్రాణమే పోతుంది."

మేడ కింద సముద్రం స్తంభాలని కొడుతోంది. సత్తిబాబు తాడు కట్టి బకెట్టు వదిలి నీళ్ళు చేదాడు. చేది, ఎవరి చేతికివ్వాలో తెలీక నిలబడ్డాడు. భార్య ఎన్నేళ్ళు ఆ జీవం కోసం ఇంటికి రాకుండా ఉండిపోయిందో అతనికి తెలుసు. లోవరాజుకి పొయ్యమని చెప్పే నోరు లేదు. చంపక లేచి బకెట్టు అందుకుని, రంపం ఇరుక్కున్న చోట తనే పోసింది.

కర్ర సన్నగా బుసకొట్టింది. పచ్చ గీత గోధుమ రంగుకి తిరిగింది. రంపం వదులైంది.

తలుపు పడేసరికి కాసులమ్మ బియ్యం బస్తా మీద కూర్చుని ఉంది, చేతిలో గరిటె. మొగుణ్ణి ఎగాదిగా చూసింది. "అంటు కట్టి వదిలేశావనుకున్నా. వచ్చే ఏడు కాపుకొద్దునేమో."

అంతలో గాలి ఆగిపోయింది. ఉన్నట్టుండి, కుళాయి కట్టేసినట్టు. పైన గుండ్రంగా నీలాకాశం. తుపాను కన్ను. జనం సంతోషంగా లేచి కిటికీల దగ్గరికి వెళ్ళారు.

"ఎవరూ కిందికి దిగొద్దు!" అని లోవరాజు అరిచాడు. ఆ గొంతు అంత పెద్దదని ఊళ్ళో ఎవరికీ అప్పటిదాకా తెలీదు. "పట్టీలు పీకండి. దూది లాగండి. చేతికేది దొరికితే దాంతో లాగండి! గాలి మళ్ళీ వచ్చేలోపు ఒక్క సందు కూడా మిగలకూడదు!"

"కూరిందీ నువ్వే, పీకమనేదీ నువ్వే," అన్నాడు మేకాయన.

"ఆఁ, నేనే! తప్పు నాది. లాగు ముందు!"

ఇక చూడాలి ఆ మేడని. కొక్కేలు, కత్తులు, దబ్బనాలు, గరిటెలు, గొడుగు ఊచలు. పిల్లలు దూది పురిని పట్టుకుని వెనక్కి పరిగెడితే బారలు బారలు ఊడొస్తోంది. పడవ లాగేవాళ్ళు మెట్ల మీద వరసకట్టి బిందెలు అందించుకున్నారు. సముద్రం చేతులు మారుతూ పైకెక్కింది. సగం పట్టుకున్న పలకల మధ్య ఉప్పు నీళ్ళు పోస్తే టప్ టప్ మని విడివడుతున్నాయి. ఆ చప్పుడు వినపడ్డప్పుడల్లా జనం ఓహో అని కేకలు. తడవని మనిషి లేడు. చంపక ముందు నడుస్తోంది, ప్రతి సందునీ వేలితో చూస్తూ. "ఇక్కడ పొయ్యండి. ఇక్కడ. ఇక్కడ కూడా." ఎక్కడా ఆగలేదు, ఒక్కచోట కూడా గొంతు తడబడలేదు. ఆమె వెనకాలే బిందె పట్టుకుని నడిచాడు లోవరాజు. ఆమె చూపించిన చోటల్లా పోశాడు.

తొమ్మిదో అంతస్తులో ఆఖరి పురి ఊడుతుండగా పడమటి నుంచి గాలి వచ్చి గుద్దింది.

మేడ ఒరిగింది. మేకాయన మేకని వదిలేసి పోతురాజుని కావలించుకున్నాడు. కిర్రు మంది. పలక మీద పలక జరిగి, తొమ్మిదంతస్తులూ ఒకదాని తర్వాత ఒకటి కిర్రు కిర్రుమన్నాయి. ప్రతి సందూ ఈల వేసింది. వాన ఆ సందుల్లోంచి లోపలున్న వాళ్ళందరి మొహాల మీదా కొట్టింది. ఎంత ఒరిగిందో అంతా లేచింది. అటు ఒరిగింది, మళ్ళీ లేచింది. లంగరు మీదున్న ఓడ అల మీద ఎలా ఊగుతుందో అలా.

లోవరాజు గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. అరికాళ్ళ కింద మేడ కదలిక వెన్నులోకి ఎక్కుతోంది. ఎన్నో పడవలు కట్టాడు గానీ ఇంత పెద్దదాన్ని ఎక్కలేదు. పక్కనే కొందరు వాంతులు చేసుకుంటున్నారు, పసివాళ్ళు ఏడుస్తున్నారు, ముసలమ్మలు దణ్ణాలు పెడుతున్నారు. ఆయనకి మాత్రం గట్టిగా కేక పెట్టాలనిపించింది. పెట్టాడు కూడా.

"ఈదుతుందిరోయ్! ఈదుతుంది!"

సాయంత్రానికి గాలి ఈల తగ్గించింది. కిందికి చూస్తే రేవులో ఒక్క ఇంటికీ కప్పు మిగల్లేదు. మేడలో ఆరొందల మందీ మిగిలారు.

చంపక మెట్ల పక్క స్తంభానికి చెవి ఆనించి ఉంది. లోవరాజు వెళ్ళి కొంచెం దూరంలో ఆగాడు.

"ఏవన్నా వినపడతందా అమ్మాయ్?"

"లేదండి."

"మళ్ళీ రాస్తే?"

"ఉప్పు తాగిన కర్రకి పట్టదు. కడియంలో జీవం ఉంది. ఇంకో మేడకి పనికొస్తుంది. దీనికి కాదు." ఆమె చెవి తీసి, అరచేత్తో స్తంభాన్ని ఒకసారి నిమిరింది. "ఇక బీట పడితే తనంతట తను పూడ్చుకోలేదు. ఏటేటా ఎవరో ఒకరు చూడాలి. నూనె పట్టించాలి, పాడైన పలక మార్చాలి."

"సూత్తాం."

"మీ తర్వాత?"

"నేర్పుతాను. సందెందుకో కూడా సెప్పి నేర్పుతాను."

ఆమె తల ఊపింది. కళ్ళు తుడుచుకోలేదు. మొహమంతా వానే కాబట్టి తుడుచుకోవాల్సిన పని కనపడలేదు.

కాసులమ్మ గంగాళం మీద గరిటెతో కొట్టింది. తడిసిన కట్టెలతో ఎలా వండిందో వండింది. వేడన్నం, ఎండు చేపల పులుసు. అంతస్తంతటా వరసలుగా కూర్చున్నారు జనం. ఆ ఇంట్లో ఎప్పుడూ మొదటి వడ్డన మేస్త్రికే. కాసులమ్మ అలవాటుగా ఆయన ముందుకి వంగింది. లోవరాజు పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టి, పక్కన కూర్చున్న కోడలికేసి చూశాడు. కాసులమ్మ అటు తిరిగి చంపక పళ్ళెంలో అన్నం పెట్టి, పులుసు పోసి, పెద్ద చేపముక్క వెతికి వేసింది.

చంపక చాలాసేపు అన్నం వైపే చూస్తూ కూర్చుంది. లోవరాజు ఖాళీ పళ్ళేన్ని ఒళ్ళో పెట్టుకుని ఎదురు చూశాడు. సత్తిబాబు, పోతురాజు, చుట్టుపక్కల కూర్చున్న వాళ్ళు కూడా ఎందుకో తెలియకుండానే చేతులు ఆపారు. ఆమె ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకుంది. నమిలి మింగింది. రెండో ముద్ద కలపడం చూశాక, ఆయన తన పళ్ళెం ముందుకి జరిపాడు. కాసులమ్మ వడ్డించింది. అందరూ తిన్నారు.